పుట్టలు కనిపించాయి, పాముల సంగతేమిటి? గోబీ ఎడారిలోని క్షిపణి బావుల కథ

ఫొటోలో చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. బూడిద రంగు రాళ్ల నేల. దాని మీద గీత గీసినట్టు పోయే మట్టి రోడ్డు. రోడ్డు చివర తెల్లటి బుడగలాంటి గుడారం. మూడు కిలోమీటర్ల అవతల అచ్చం అలాంటిదే ఇంకొకటి, దాని తర్వాత మరొకటి. అలా లెక్కపెట్టుకుంటూ పోతే 119 తేలాయి.

2021 జూన్ 30న వాషింగ్టన్ పోస్ట్ ఈ సంగతి బయటపెట్టింది. చైనా వాయవ్యాన గాన్సు ప్రావిన్సులో యుమెన్ అనే పట్టణం దగ్గరి ఎడారిలో ఖండాంతర క్షిపణుల కోసం సైలోలు, అంటే క్షిపణి బావులు, కడుతున్నారని ఆ వార్త సారాంశం. కనిపెట్టింది గూఢచారులు కారు. కాలిఫోర్నియాలోని మాంటెరేలో ఉన్న మిడిల్‌బరీ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన జెఫ్రీ లూయిస్, డెకర్ ఎవెలెత్ అనే పరిశోధకులు. వాళ్లు చూసింది డబ్బు కడితే ఎవరికైనా దొరికే ప్లానెట్ కంపెనీ ఉపగ్రహ చిత్రాలు.

అప్పటి నుంచి ఏటా చైనా సైన్యం మీద పెంటగాన్ నివేదిక వచ్చినప్పుడల్లా ఆ బుడగల ఫొటోలు మళ్లీ తిరుగుతుంటాయి. మన వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చేసరికి అది "చైనా ఎడారిలో 300 అణు క్షిపణులు మోహరించింది" అనే ఒక్క ముక్కగా మారుతుంది. ఆ ఒక్క ముక్కలో మూడు నాలుగు వేర్వేరు విషయాలు కలగాపులగం అయిపోయాయి. ఉపగ్రహం చూసింది పుట్టలను. పాములను మనమే ఊహించుకున్నాం. ఊహ తప్పని కాదు, ఎంతవరకు కళ్లతో చూశాం, ఎక్కడి నుంచి లెక్కగట్టాం అన్నది విడదీసి చూడాలి.

సైలో వేరు, క్షిపణి వేరు, వార్‌హెడ్ వేరు

సైలో అనే మాటను మామూలుగా పశువుల మేత, ధాన్యం నిల్వ చేసే గాదెకు వాడతారు. మన పల్లెల్లో నేలలో గొయ్యి తీసి ధాన్యం దాచే పాతర ఉండేది కదా, క్షిపణి సైలో దానికి దగ్గరి చుట్టం. నేలలోకి నిలువునా తవ్విన లోతైన బావి, లోపల కాంక్రీటు, ఉక్కు ఒర, పైన చాలా బరువైన మూత. క్షిపణి లోపల నిలబడి ఉంటుంది. ప్రయోగించాల్సి వస్తే మూత తెరుచుకుంటుంది. మీట నొక్కే మనుషులు అక్కడ ఉండరు. దూరంగా భూగర్భంలో ఉన్న కంట్రోల్ గదిలో ఉంటారు. అక్కడి నుంచి ఒక్కో బావికి నేలలో పాతిన కేబుళ్లు వస్తాయి.

క్షిపణి అంటే మోసుకెళ్లే బండి. 5,500 కిలోమీటర్ల పైన వెళ్లగలిగితే దాన్ని ఖండాంతర క్షిపణి అంటారు. వార్‌హెడ్ అంటే దాని ముక్కులో ఉండే అసలు బాంబు. ఒక క్షిపణికి ఒకే వార్‌హెడ్ ఉండొచ్చు, రెండు మూడు కూడా ఉండొచ్చు. అసలు లేకుండానూ ఉండొచ్చు. మామూలు రోజుల్లో వార్‌హెడ్లను చాలావరకు వేరే చోట దాచి పెట్టుకోవడం చైనాకు చాలాకాలంగా ఉన్న అలవాటు.

ఇంధనం సంగతి కూడా ఒక మాట చెప్పుకోవాలి. యుమెన్ కంటే ముందు చైనాకు ఉన్న ఖండాంతర క్షిపణి సైలోలు ఇంచుమించు 20. వాటిలో ఉండేవి డాంగ్‌ఫెంగ్-5 రకం, ద్రవ ఇంధనంతో నడిచేవి. వాటిని ప్రయోగానికి సిద్ధం చేయడానికి టైమ్ పడుతుంది. ఘన ఇంధనమైతే దీపావళి తారాజువ్వ లాంటిది, మందు ముందే కూరి ఉంటుంది, అంటించడమే ఆలస్యం. కొత్త బావులు ఈ ఘన ఇంధన క్షిపణుల కోసమేనని నిపుణులు దాదాపు ఏకాభిప్రాయంతో చెబుతున్నారు. అందుకే సంఖ్య ఒక్కటే కాదు, రకం మారడం కూడా పెద్ద విషయమైంది.

ఎడారిలోనే ఎందుకు

సైలోలకు చదునైన, పొడి నేల కావాలి. బావిలో నీరు ఊరితే క్షిపణికి చేటు. జనం ఉండకూడదు, భూసేకరణ గొడవలు ఉండకూడదు. సముద్రానికి దూరంగా ఉంటే శత్రువు ఓడల నుంచి వచ్చే క్రూయిజ్ క్షిపణులు అందుకోవడం కష్టం. గాన్సు ఎడారిలో ఇవన్నీ కుదిరాయి.

అయితే మనుషుల కంట పడకుండా ఉండటానికి ఎంత మంచి చోటో, ఆకాశం నుంచి చూసేవాళ్లకు అది అంతకంత మంచి చోటు. చెట్లు లేవు, మబ్బులు తక్కువ. పైగా గోబీ అంటే మన సినిమా పాటల్లో చూసే ఇసుక తిన్నెల ఎడారి కాదు, చాలాచోట్ల గులకరాళ్లు పరిచినట్టుండే గట్టి నేల. వేల ఏళ్ల గాలికి మెత్తటి మట్టి కొట్టుకుపోయి, నల్లబడిన రాళ్లు పైన మిగులుతాయి. ఆ పొర మీద ట్రాక్టర్ ఒక్కసారి తిరిగినా కింద ఉన్న లేత రంగు మట్టి బయటపడుతుంది. పలక మీద బలపంతో గీసినట్టే. ఎంత చెరిపినా ఆ గీత సంవత్సరాల తరబడి కనిపిస్తూనే ఉంటుంది.

బుడగను చూసి బావి అని ఎలా చెప్పారు

ఈ కథలో అసలు ఆసక్తి ఇక్కడే ఉంది. బుడగ పైనుంచి చూస్తే బుడగే, లోపల ఏముందో కనబడదు. మరి బావి అన్నది ఎలా తేలింది?

మొదటి ఆధారం పోలిక. ఇన్నర్ మంగోలియాలో జిలాంతాయ్ అనే చోట చైనా రాకెట్ ఫోర్స్, అంటే క్షిపణులను చూసుకునే సైనిక విభాగం, శిక్షణ మైదానం ఉంది. అక్కడ 16 సైలోలు కడుతున్న సంగతిని ఫెడరేషన్ ఆఫ్ అమెరికన్ సైంటిస్ట్స్ సంస్థకు చెందిన హాన్స్ క్రిస్టెన్సన్ 2021 ఫిబ్రవరిలోనే చిత్రాలతో సహా వివరించారు. అక్కడ బావి తవ్వేటప్పుడు గాలి నింపిన గుడారం వేసేవారు. పని అయ్యాక తీసేసేవారు. తీసేశాక కింద బావి నోరు కనబడేది. అంటే జిలాంతాయ్‌లో బుడగకు ముందు, బుడగ ఉన్నప్పుడు, బుడగ తీశాక, ఈ మూడు దశలూ ఫొటోల్లో ఉన్నాయి. ఎవెలెత్ ఆ ఆనవాలును మనసులో పెట్టుకుని ఉత్తర చైనా ఎడారులను గాలించారు. యుమెన్‌లో అవే బుడగలు దొరికాయి.

రెండోది స్పష్టత. ఉపగ్రహ చిత్రం అనగానే కారు నంబర్ ప్లేటు చదవగలిగేంత వివరం ఉంటుందని చాలామంది అనుకుంటారు. అంత ఉండదు. చిత్రం చిన్న చిన్న చుక్కలతో తయారవుతుంది. ఒక్కో చుక్క నేల మీద ఎన్ని మీటర్లను చూపిస్తుందన్నదే లెక్క. ప్లానెట్ కంపెనీ చిన్న ఉపగ్రహాలు దాదాపు రోజూ తీసే చిత్రాల్లో ఒక చుక్క సుమారు 3 మీటర్లు. ఐరోపా వాళ్లు ఉచితంగా ఇచ్చే సెంటినెల్-2 చిత్రాల్లో 10 మీటర్లు. ఖరీదైన వరల్డ్‌వ్యూ-3 రకం ఉపగ్రహాల్లో సుమారు 30 సెంటీమీటర్లు.

ఒక గుడారం 70 మీటర్ల వెడల్పు ఉందనుకుందాం. ఉచిత చిత్రంలో అది 7 చుక్కల మచ్చ. ఏదో ఉందని తెలుస్తుంది, అంతే. 3 మీటర్ల చిత్రంలో 23 చుక్కలు. గుండ్రంగా ఉందా, కోలగా ఉందా చెప్పొచ్చు. పక్కన నాలుగున్నర మీటర్ల కారు ఆగి ఉంటే ఒకటి రెండు చుక్కలే, కారో బండరాయో తెలియదు. 30 సెంటీమీటర్ల చిత్రంలో అదే కారు 15 చుక్కలు. ఇప్పుడు కారని ధైర్యంగా చెప్పొచ్చు. మరైతే ఖరీదైన దానితోనే మొత్తం వెతికేయొచ్చు కదా అంటే కుదరదు. అది చిన్న ప్రాంతాన్నే చూస్తుంది, ఎటు చూడాలో ముందే తెలియాలి. కాబట్టి రోజూ వచ్చే తక్కువ స్పష్టత చిత్రాలతో వల వేస్తారు, అనుమానం వచ్చిన చోట మంచి చిత్రం కొంటారు.

మూడోది కాలం. ఒక్క ఫొటో మోసం చేయగలదు. రెండేళ్ల ఫొటోలు వరసగా పెడితే మోసం చేయడం కష్టం. యుమెన్‌లో పని 2020 మార్చి ప్రాంతంలో మొదలైనట్టు పాత చిత్రాలు తిరగేస్తే తెలిసింది. మొదట రోడ్లు వచ్చాయి. తర్వాత నేల చదును చేశారు, ఆ తర్వాత బుడగలు లేచాయి. వాటి మధ్య కేబుల్ కందకాలు, భూగర్భ గదుల్లా కనిపించే తవ్వకాలు, ఒక చిన్న సైనిక శిబిరం కూడా బయటపడ్డాయి. బావికి కంట్రోల్ గది, గదికి కేబుళ్లు అని పైన చెప్పుకున్నాం కదా, ఆ అమరిక నేల మీద గీసినట్టు కనిపించింది.

గాలిమరల వాదన

వార్త రాగానే చైనా సోషల్ మీడియాలో ఎదురు వాదన వచ్చింది. అవి సైలోలు కావు, గాలిమరల పునాదులు అని. కొట్టిపారేయాల్సిన వాదన కాదిది. యుమెన్ ఉన్న జియుచ్వాన్ ప్రాంతంలోనే ప్రపంచంలోని అతి పెద్ద పవన విద్యుత్ కేంద్రాల్లో ఒకటి ఉంది. అక్కడ ఎడారిలో వేల గాలిమరలు తిరుగుతున్నాయి. ఎడారిలో వరసగా గుంతలు తవ్వుతుంటే అక్కడివాళ్లకు ముందు తట్టేది గాలిమరలే.

దీన్ని నీడతో తేల్చొచ్చు. సూర్యుడు నేల నుంచి 30 డిగ్రీల ఎత్తులో ఉంటే ఏ వస్తువు నీడైనా దాని ఎత్తుకు 1.73 రెట్లు ఉంటుంది. 100 మీటర్ల గాలిమర స్తంభం నీడ 173 మీటర్లు, అంటే 3 మీటర్ల చిత్రంలో 58 చుక్కల సన్నటి గీత. చివర్లో రెక్కల ఆకారం కూడా ఉంటుంది. 20 మీటర్ల ఎత్తు గుడారమనుకుంటే నీడ 35 మీటర్లు, 12 చుక్కల మొద్దు మచ్చ. యుమెన్‌లో కనిపించినవి మొద్దు మచ్చలే. పైగా గాలిమరలను గాలి దిశను బట్టి కొన్ని వందల మీటర్ల దూరంలో పెడతారు. ఇక్కడ అన్ని వైపులా సుమారు మూడు కిలోమీటర్ల ఎడంతో జాలీలా అమర్చారు. గాలిమర పునాదికి మామూలుగా ఇలాంటి బుడగ గుడారం కప్పరు. ఏళ్లు గడిచినా అక్కడ ఒక్క రెక్కా మొలవలేదు. చైనా ప్రభుత్వం మాత్రం ఇవి సైలోలే అని అప్పట్లో ఒప్పుకోలేదు.

తమాషా ఏమిటంటే చైనా క్షిపణుల పేరు డాంగ్‌ఫెంగ్‌కు అర్థం తూర్పు గాలి. గాలి అన్నవాళ్లు పూర్తిగా తప్పు చెప్పలేదనుకోవాలి.

ఒకటి కాదు, మూడు

యుమెన్ వార్త వచ్చి నెల తిరక్కముందే, జులై 26న, ఫెడరేషన్ ఆఫ్ అమెరికన్ సైంటిస్ట్స్ నుంచి మ్యాట్ కోర్డా, క్రిస్టెన్సన్ రెండో మైదానాన్ని బయటపెట్టారు. యుమెన్‌కు వాయవ్యంగా సుమారు 380 కిలోమీటర్ల దూరంలో, షిన్‌జియాంగ్‌లోని హామీ దగ్గర. అప్పటికి బుడగలు లేచినవి 14, నేల చదును చేసినవి 19. అమరికను బట్టి పూర్తయితే సుమారు 110 ఉంటాయని వాళ్లు అంచనా వేశారు. ఇక్కడ గమనించండి, కళ్లతో చూసింది 33. మిగతావి జాలీ అమరికను పొడిగించి వేసిన లెక్క. ఆ లెక్క తర్వాత నిజమైంది గానీ, ఆ రోజుకు అది అంచనాయే. ఆగస్టులో అమెరికా వైమానిక దళ విశ్వవిద్యాలయానికి చెందిన రోడెరిక్ లీ మూడోదాన్ని, ఇన్నర్ మంగోలియాలో ఓర్డోస్ దగ్గర, చూపించారు.

యుమెన్‌లో సుమారు 120, హామీలో 110, ఓర్డోస్‌లో 90. మూడూ కలిపితే 320. ఒక్క యుమెన్‌నే తీసుకుంటే, బావికి మూడు కిలోమీటర్ల ఎడం చొప్పున తొమ్మిది చదరపు కిలోమీటర్లు, 120 బావులకు 1,080 చదరపు కిలోమీటర్లు. ఇటీవలి విస్తరణకు ముందున్న హైదరాబాద్ కార్పొరేషన్ మొత్తం 650 చదరపు కిలోమీటర్లే. ఇంతటిదాన్ని దాచడం అయ్యే పని కాదు.

పోఖ్రాన్‌లో మనం ఎలా దాచాం

దాచడం అనగానే మన ఎడారి గుర్తుకు రాకుండా ఉండదు. 1995 చివర్లో పీవీ నరసింహారావు ప్రధానిగా ఉండగా రాజస్థాన్‌లోని పోఖ్రాన్‌లో అణు పరీక్షకు ఏర్పాట్లు జరుగుతున్న ఆనవాళ్లను అమెరికా నిఘా ఉపగ్రహాలు పట్టుకున్నాయి. ఆ డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్‌లో వార్త వచ్చింది, ఢిల్లీ మీద ఒత్తిడి పెరిగింది. పరీక్ష జరగలేదు.

1998 మే నాటికి పాఠం నేర్చుకున్నారు. ఉపగ్రహం ఏ వేళకు నెత్తి మీదుగా పోతుందో ముందే లెక్కవేసుకోవచ్చు, ఎందుకంటే అది కక్ష్య తప్పదు. పెద్ద పనులన్నీ రాత్రిపూట చేసి, తెల్లారేసరికి యంత్రాలను మళ్లీ పాత చోటుకే తెచ్చి నిలబెట్టేవారు. చూసేవాడికి అవి కదలనట్టే ఉండాలి. కలాం లాంటి శాస్త్రవేత్తలు సైనిక దుస్తుల్లో, మారు పేర్లతో వెళ్లారు. మే 11న పేలుడు జరిగే దాకా అమెరికాకు తెలియలేదు.

యుమెన్‌లో ఆ కిటుకు ఎందుకు పనిచేయదు? ఒకటి, అప్పట్లో చూసే కళ్లు కొన్నే, వచ్చే టైమ్ తెలిసేది. ఇప్పుడు వందల చిన్న ఉపగ్రహాలు రోజూ తిరుగుతున్నాయి. రాడార్ ఉపగ్రహాలకైతే రాత్రి, మబ్బు అనే తేడా లేదు. రెండు, పోఖ్రాన్‌లో దాచాల్సింది గుప్పెడు షాఫ్టులు, అంటే పరీక్ష కోసం తవ్విన లోతైన గుంతలు. ఇక్కడ ఒక మహానగరమంత. అందుకే కొందరు వేరేలా అడుగుతారు: చైనా అసలు దాచాలనే అనుకుందా? బుడగ లోపలి పనిని దాచింది, దుమ్ము నుంచి కాపాడింది. కానీ తెల్లటి బుడగను నల్లటి నేల మీద వంద చోట్ల నిలబెట్టేవాడికి పైనుంచి కనబడుతుందని తెలియదా?

బావులెన్ని, బాంబులెన్ని

320 బావుల్లోనూ క్షిపణులు నింపి, ఒక్కోదానికి ఒక వార్‌హెడ్ పెడితే 320. మూడేసి పెడితే 960. పదింట ఒక బావిలోనే క్షిపణి ఉంటే 32. ఒకే ఫొటో నుంచి 32 అని చెప్పొచ్చు, 960 అనీ చెప్పొచ్చు. హెడ్‌లైన్ రాసేవాళ్లు ఏది ఎంచుకుంటారో మీకు తెలుసు.

ఖాళీ బావులు తవ్వడమేమిటి, పిచ్చా అనిపించొచ్చు. అమెరికాకే ఈ ఆలోచన ఒకప్పుడు వచ్చింది. కార్టర్ హయాంలో నెవాడా, యూటా ఎడారుల్లో 200 క్షిపణులను 4,600 స్థావరాల మధ్య తిప్పుతూ ఉండాలని పథకం వేశారు. రెండు గుప్పిళ్లు చూపించి గవ్వ ఎందులో ఉందో చెప్పమనే పిల్లల ఆటే, వేల కోట్ల ఖర్చుతో. స్థానికులు ఒప్పుకోలేదు, 1981లో రీగన్ దాన్ని రద్దు చేశారు. ఇప్పటికీ అమెరికాకు 450 సైలోలు ఉంటే క్షిపణులు ఉన్నవి 400 వాటిలోనే.

ఈ ఆట వల్ల లాభమేమిటో చిన్న లెక్కతో చూడొచ్చు. గట్టిపరిచిన బావిని కచ్చితంగా ధ్వంసం చేయాలంటే ఒక్కోదానికి రెండు వార్‌హెడ్లు కేటాయించాలని సాధారణంగా అనుకుంటారు. 320 బావులకు 640. అమెరికా, రష్యాల మధ్య 2026 ఫిబ్రవరి 5న గడువు తీరిపోయిన న్యూ స్టార్ట్ అనే అణ్వాయుధాల పరిమితి ఒప్పందం ప్రకారం ఒక్కో దేశం మోహరించగలిగింది 1,550 వార్‌హెడ్లు. అంటే అందులో నలభై శాతం పైగా ఈ ఎడారి మీదే ఖర్చయిపోతుంది, లోపల క్షిపణి ఉన్నా లేకపోయినా. ఖాళీ బావి కూడా ఒక ఆయుధమే అని చెప్పేవాళ్ల లెక్క ఇది.

ఎందుకు కట్టారన్న దాని మీద ఎవరి మాట ఏమిటి

అమెరికా సైన్యం వైపు నుంచి వినిపించేది గట్టి మాట. అణ్వాయుధాల బాధ్యత చూసే స్ట్రాటజిక్ కమాండ్‌కు అప్పటి అధిపతి అడ్మిరల్ చార్లెస్ రిచర్డ్ 2021 ఆగస్టులో దీన్ని చైనా వ్యూహాత్మకంగా కట్టలు తెంచుకోవడంగా వర్ణించారు. 2020లో చైనా దగ్గర 200 పైచిలుకు వార్‌హెడ్లు ఉన్నాయన్న పెంటగాన్, 2023 మే నాటికి 500 దాటాయని, 2024 మధ్యకు 600 దాటాయని, 2030కి వెయ్యి దాటుతాయని చెబుతూ వచ్చింది. శత్రువు క్షిపణి వస్తోందని హెచ్చరిక రాగానే, అది పడకముందే తమది వదిలే పద్ధతికి చైనా మారుతోందని కూడా దాని అంచనా. ఘన ఇంధన క్షిపణులు బావుల్లో సిద్ధంగా ఉండటం అందుకు సరిగ్గా సరిపోతుంది. తైవాన్ మీద యుద్ధం వస్తే అమెరికా జోక్యం చేసుకోకుండా బెదిరించడానికే ఇదంతా అని ఇంకొందరు.

చైనా మాట వేరు. 1964లో తొలి అణు పరీక్ష జరిపిన రోజు నుంచీ, ముందుగా మేం వాడం అనే మాట మీదే ఉన్నామంటుంది. 2022 జనవరిలో ఆ దేశ ఆయుధ నియంత్రణ విభాగం అధిపతి ఫూ కాంగ్ తమ అణు బలగాన్ని విపరీతంగా పెంచుకుంటున్నామన్నది నిజం కాదన్నారు. అమెరికా, రష్యా ఒక్కోదాని దగ్గర వేలల్లో ఉండగా మమ్మల్ని వేలెత్తి చూపుతారేమని బీజింగ్ వాదన. సంఖ్యల మటుకు అందులో అబద్ధం లేదు.

మధ్యలో ఉన్న పరిశోధకులు ఎక్కువమంది భయం కోణంలో చూస్తారు. అమెరికా ముందే కొట్టి చైనా క్షిపణులను చాలావరకు నాశనం చేసి, మిగిలిన కొద్దిపాటిని తన రక్షణ వ్యవస్థలతో ఆకాశంలోనే ఆపేస్తే? 20 సైలోలతో, రోడ్ల మీద తిరిగే కొన్ని లాంచర్లతో ఉన్న దేశానికి ఆ భయం సహజం. తిరిగి కొట్టే శక్తి మిగలాలంటే సంఖ్య పెంచాలి, చెల్లాచెదురుగా పెట్టాలి.

నాకైతే ఈ వాదనలు ఒకదాన్నొకటి కాదనేవి కావు అనిపిస్తుంది. భయంతో తవ్విన బావి తర్వాత బెదిరించడానికీ పనికొస్తుంది. ఉద్దేశం ఫొటోలో పడదు, నేటి ఉద్దేశం రేపటికి ఉంటుందన్న హామీ కూడా లేదు.

ఫొటోలో పడనివి

ఉద్దేశం సరే, వస్తువుల సంగతి కూడా అంతే. 2024 జనవరిలో బ్లూమ్‌బర్గ్ వార్తా సంస్థ అమెరికా నిఘా వర్గాలను ఉటంకిస్తూ ఒక కథనం ఇచ్చింది. చైనా రాకెట్ ఫోర్స్‌లో అవినీతి వల్ల కొన్ని క్షిపణుల్లో ఇంధనానికి బదులు నీళ్లు ఉన్నాయని, పశ్చిమ చైనాలోని సైలో మైదానాల్లో కొన్ని మూతలు సరిగా తెరుచుకోని స్థితిలో ఉన్నాయని అందులో ఉంది. దానికి కొన్ని నెలల ముందే, 2023 జులైలో, రాకెట్ ఫోర్స్ కమాండర్‌ను మార్చేశారు. నీళ్ల కథ అక్షరాలా నిజమా కాదా అన్న దాని మీద నిపుణుల్లో ఏకాభిప్రాయం లేదు. కానీ మన ప్రశ్నకు అది బాగా పనికొస్తుంది. పైనుంచి చూస్తే తెరుచుకునే మూతా, బిగుసుకుపోయిన మూతా ఒకేలా ఉంటాయి.

ఉపగ్రహ చిత్రాన్ని అతిగా నమ్మితే ఏమవుతుందో 2003లో ప్రపంచం చూసింది. అమెరికా విదేశాంగ మంత్రి కాలిన్ పావెల్ భద్రతా మండలిలో ఇరాక్ గోదాముల ఉపగ్రహ చిత్రాలు చూపించి, పక్కన ఆగి ఉన్న ట్రక్కు రసాయన ఆయుధాలకు గుర్తు అన్నారు. యుద్ధం జరిగింది. ఆ ఆయుధ నిల్వలు దొరకలేదు. చిత్రం నకిలీది కాదు, ట్రక్కు ఉన్న మాట నిజమే. ట్రక్కుకూ ఆయుధానికీ మధ్య వేసిన వంతెనే కూలిపోయింది.

యుమెన్ విషయంలో వంతెన అంతకంటే చాలా గట్టిది. జిలాంతాయ్ పోలిక ఉంది, ఏళ్ల తరబడి చిత్రాలు ఉన్నాయి. వేర్వేరు బృందాలు విడివిడిగా చూసి ఒకే మాట చెప్పాయి. పైగా అందరూ అవే చిత్రాలు కొని తప్పు పట్టే అవకాశం ఉంది. 2003లో బయటివాళ్లకు ఆ వీలు ఇంతగా లేదు.

మరి ఇది మన మీదకేనా

తెలుగు చర్చల్లో తప్పకుండా వచ్చే ప్రశ్న ఇది. యుమెన్ నుంచి ఢిల్లీ సుమారు 2,200 కిలోమీటర్లు, హైదరాబాద్ మూడు వేల చిల్లర. పక్క ఊరికి పోవడానికి విమానం ఎక్కనక్కర్లేదు. పది వేల కిలోమీటర్ల పైన ఎగిరే క్షిపణిని అంత ఖర్చు పెట్టి బావిలో నిలబెట్టేది పసిఫిక్ అవతల ఉన్న అమెరికా కోసం. భారత్‌ను చేరడానికి చైనా దగ్గర డాంగ్‌ఫెంగ్-21, డాంగ్‌ఫెంగ్-26 లాంటి మధ్యశ్రేణి క్షిపణులు ఎప్పటి నుంచో ఉన్నాయి. రోడ్ల మీద లాంచర్ బండ్లపై తిరిగే అవి, ఉపగ్రహానికి ఈ బావులంత సులభంగా దొరకవు. మనకు సంబంధించినంతవరకు టెన్షన్ పడాల్సింది ఏదైనా ఉంటే అవే.

అలాగని బావులతో మనకు సంబంధమే లేదని కాదు. ప్రపంచ ఆయుధాల మీద పరిశోధన చేసే స్టాక్‌హోమ్‌లోని సిప్రి సంస్థ లెక్కలో 2025 జనవరి నాటికి చైనా దగ్గర 600, భారత్ దగ్గర 180, పాకిస్తాన్ దగ్గర 170 వార్‌హెడ్లు ఉన్నాయి. చైనా అమెరికాను చూసి పెంచుకుంటే, భారత్ చైనాను చూసి, పాకిస్తాన్ భారత్‌ను చూసి లెక్కలు సరిచూసుకుంటాయి.

బుడగలు ఇప్పుడు లేవు. బావుల పని పూర్తయిందని, కొన్నింటిలోనైనా క్షిపణులు దించారని పెంటగాన్ 2023లో చెప్పింది. 2025 సెప్టెంబరు 3న బీజింగ్ కవాతులో డాంగ్‌ఫెంగ్-31 కుటుంబానికి చెందిన, సైలోల కోసమే చేసినదని విశ్లేషకులు భావించే కొత్త రకం ఒకటి తొలిసారి ప్రజల ముందుకు వచ్చింది. ఆ డిసెంబరు నివేదికలో పెంటగాన్ మూడు మైదానాల్లో కలిపి వంద బావులకు పైగా నింపి ఉండొచ్చని రాసింది. అదే నివేదికలో 2024లో వార్‌హెడ్ల సంఖ్య 600 పైచిలుకు దగ్గరే ఉంది, పెరిగే వేగం కాస్త తగ్గిందని కూడా ఉంది. వాట్సాప్‌లో మొదటి వాక్యం వచ్చింది, రెండోది రాలేదు. మిగతా రెండొందల చిల్లర బావుల మీద మూతలు మూసే ఉన్నాయి. మూతల మధ్య రోడ్ల మీద ఏ బండి ఏ రోజు ఎక్కడ ఆగిందా అని మాంటెరేలోనూ వాషింగ్టన్‌లోనూ రోజూ కొత్త చిత్రాలు తిరగేస్తున్నారు.